గుడారాల కూటములు – పొరుగువాని నిద్ర

శతాబ్ది సంచిక అనగానే ఆలయములు, పాఠశాలలు, ఆసుపత్రులు ముందుగా జ్ఞాపకమునకు వచ్చును. పునాదిరాళ్ళపై తేదీలు చెక్కబడియున్నవి గనుక వాటి చరిత్ర వ్రాయుట సులభము. తాటాకు పందిళ్ళకు, గుడారములకు అట్టి రాళ్ళు లేవు. మూడు దినములు నిలిచి నాల్గవ దినమున విప్పబడును. అయినను మన సంఘములలో అనేకులు ప్రభువును ఎరిగినది ఆ పందిళ్ళ క్రిందనే. ఆ పందిళ్ళను గూర్చి, వాటి ప్రక్కన నివసించినవారిని గూర్చి కొంత వ్రాయ తలంచితిమి.

గుడారముల కూటము మన దేశములో పుట్టినది కాదు. 1801 ఆగస్టులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, కేన్ రిడ్జ్ అను చోట, వేలాదిమంది బండ్లతో వచ్చి విడిది చేసి రాత్రింబగళ్ళు ప్రార్థించిరి. ఆ ఘోష నయాగరా జలపాతపు హోరువలె నుండెనని విన్నవారొకరు చెప్పియున్నారు. 1875లో ఇంగ్లండులోని కెజిక్ పట్టణమున ఒక గుడారములో ప్రారంభమైన కూటములు నేటికిని జరుగుచున్నవి. మన ప్రక్క చూచినచో, 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు ఎడ్లబండిపై పల్లె పల్లెకు తిరిగిరి. 1941లో మద్రాసులో భక్త్ సింగ్ గారు ఆరంభించిన కూటములకు జనులు చాపలతో, చంటిబిడ్డలతో వచ్చి అక్కడనే పండుకొని, ఒకే పంక్తిని భుజించిరి. తరువాత హైదరాబాదు హెబ్రోనులో అట్టి కూటములకు తెలుగువారు వేల సంఖ్యలో వెళ్ళిరి.

మైకు లేని కాలములో కూటమునకు ఎల్లను నిర్ణయించినది మనుష్యుని కంఠమే. ఫిలడెల్ఫియాలో 1739లో విట్‌ఫీల్డ్ బోధించుచుండగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనుకకు నడచుచు, స్వరము ఎంత దూరము వినబడునో కొలిచి, ముప్పదివేలమందికి వినబడగలదని లెక్క కట్టెను. అంతటి కంఠము కోటికొకరికి ఉండును. మన పెద్దలలో గట్టి గొంతుగల బోధకుడైనను పందిరి దాటి నాలుగిండ్ల వరకే వినబడెడివాడు. వినగోరినవాడు దగ్గరకు వచ్చెడివాడు, వద్దన్నవాడు తలుపు వేసికొనెడివాడు. గుంజకు బాకా కట్టిన దినమున ఆ తలుపునకు విలువ పోయెను. సువార్త దూరము వెళ్ళుచున్నదని మనము సంతోషించితిమి, మేమును సంతోషించితిమి. బాకాల స్థానమున మనిషియెత్తు సౌండ్ బాక్సులు వచ్చినప్పుడైనను ఆగి ఆలోచింపలేదు.

మంగళగిరి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు 1807–1809 మధ్య కట్టించిన గాలిగోపురము నీడలో పెరిగిన ఊరు ఇది. ఫాల్గుణ మాసపు తిరునాళ్ళకు వచ్చు జనసందోహమునకు ఊరు అలవాటుపడినది. గుంట మగ్గముపై బ్రదుకువారు పెందలకడ పండుకొని వేకువనే మగ్గములో దిగుదురు. ఇప్పుడు ఎయిమ్స్ ఆసుపత్రి కూడ వచ్చినది, 2019లో అచ్చట రోగులను చూచుట ఆరంభమైనది. ఒకప్పుడు ఊరి బయట అనుకొన్న పొలములలో ఇండ్లు లేచినవి. మన పందిళ్ళు మాత్రము పాత చోట్లనే, పాత పద్ధతిలోనే, ఇంకను పెద్ద శబ్దముతో నడచుచుండెను.

కొన్ని యేండ్ల క్రిందట మా ఉజ్జీవ కూటములలో రెండవ రాత్రి, పండ్రెండు దాటిన తరువాత, ప్రక్క వీధి నేతపనివాడొకడు పందిరి యొద్దకు వచ్చెను. కోపముతో రాలేదు. "అయ్యగారూ, మీ పాటలంటే మాకేం కష్టం లేదండీ. మా అమ్మకి ఒంట్లో బాగోలేదు. నిన్నట్నించీ కన్ను మూయలేదండీ" అనెను. మా పెద్దలలో ఒకరు, "తిరునాళ్ళప్పుడు మేము ఓర్చుకోవడం లేదా?" అనిరి. అతడు ఏమియు బదులు చెప్పక వెళ్ళిపోయెను. మేము ఆ మాటను ఖండింపలేదు, మైకును ఆపలేదు. వేదికమీద నున్న ప్రసంగీకుని మధ్యలో ఆపుట మర్యాద కాదని తలంచితిమి. బయటివాని యెడల మర్యాద తప్పినామని తోచుటకు తెల్లవారవలసి వచ్చెను.

ఈ విషయములో మన దేశపు ప్రసిద్ధమైన తీర్పు ఒక క్రైస్తవ సంఘము పేరుతోనే ఉన్నదని మనవారిలో ఎందరికి తెలియును? మద్రాసులోని కె.కె.ఆర్. నగర్‌లో చర్చ్ ఆఫ్ గాడ్ (ఫుల్ గాస్పెల్) సంఘము ఆరాధనలో వాడు మైకులు, డ్రమ్ములు, గిటార్ల విషయమై కాలనీవారు 1996లో ఫిర్యాదు చేసిరి. అది సుప్రీంకోర్టు వరకు వెళ్ళెను. 2000 ఆగస్టు 30న వెలువడిన తీర్పు ప్రకారము, పొరుగువారి శాంతిని భంగపరచి ప్రార్థింపుమని ఏ మతమును బోధింపదు. మత స్వేచ్ఛ పేరున అట్టి హక్కును కోరరాదు. ఆ యేడే ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వపు శబ్ద కాలుష్య నియమములు వచ్చినవి. వాటి ప్రకారము రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బహిరంగ స్థలములో మైకు కూడదు; నివాస ప్రాంతపు పరిమితి పగలు 55 డెసిబెల్లు, రాత్రి 45. ఆసుపత్రులు, పాఠశాలల చుట్టు 100 మీటర్లు నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. 2005 జూలై 18న సుప్రీంకోర్టు మరియొక తీర్పు నిచ్చెను. ఆ వ్యాజ్యమునకు మూలము, పదమూడేండ్ల బాలిక అత్యాచారమునకు గురియై వేసిన కేకలు పొరుగున మ్రోగుచున్న మైకు హోరులో ఎవరికిని వినబడకపోవుట. ఇది చదివిన తరువాత 'మన పాటలు కదా' అను మాట మా నోట రాలేదు.

చట్టము చెప్పకమునుపే గ్రంథము చెప్పియున్నది. వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించువాని దీవెన శాపముగా ఎంచబడునని సామెతలు 27:14 యొక్క భావము. సంఖ్యాకాండము 10లో ఇశ్రాయేలీయుల పాళెమునకు రెండు వెండి బూరలు నియమింపబడినవి. ఎప్పుడు ఊదవలెనో, ఎవరు ఊదవలెనో, ఊదినప్పుడు ఎవరు కదలవలెనో అన్నియు నియమము ప్రకారమే.

ఇప్పుడు మేము పోలీసువారి వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే పందిరి వేయము. బాక్సుల ముఖము లోపలికి త్రిప్పుచున్నాము. తొమ్మిదిన్నరకు దీవెన చెప్పి ముగించెదము. రాత్రి జాగరణ ప్రార్థన మైకు లేకుండ, తలుపులు మూసిన ఆలయములో జరుగును. జనరేటరును ఇండ్ల గోడలకు దూరముగా పెట్టించితిమి. చంటిబిడ్డల తల్లులు పండుకొను పందిరి ప్రక్కన యవ్వనస్థులు అర్ధరాత్రి వరకు గిటారు వాయించుటయు ఒక సమస్యయే. దానికి వేరు చోటు చూపితిమి గాని, ప్రతి యేడు మరల చెప్పవలసియే వచ్చుచున్నది. కూటములకు వారము ముందు చుట్టుప్రక్కల ఇండ్లకు స్వయముగా వెళ్ళి తేదీలు చెప్పి, రోగులున్నారేమో అడిగి వచ్చెదము. ఆ నేతపనివాని యింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు మాకు మాట పెగలలేదు. అతడే చాప వేసి కూర్చుండబెట్టెను.

క్రిందటి కూటములలో నాలుగున్నర గంటల వేకువ ప్రార్థనకు మైకు కావలెనని యవ్వనస్థులు అడిగిరి. ఆరు గంటలకు ముందు ఇయ్యలేమంటిమి. పోనీ గంట కొట్టుదుమా అనిరి. గంటయు వద్దు, గుడారము గుడారమునకు ఒకరు వెళ్ళి మెల్లగా లేపుడంటిమి. కొంచెము గొణిగిరి గాని అట్లే చేసిరి. ప్రార్థనకు వచ్చినవారి సంఖ్య తగ్గలేదు.