గొలుసుకట్టు రాత – చేతిరాత ఖతి: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

కీలక పదాలు: గొలుసుకట్టు, ఖతి, నస్తాలీఖ్, దోమకొండ సంస్థానం, గ్రామ దస్తావేజులు.

ఉపోద్ఘాతం

చేతిరాత సొగసును అనుకరించే అచ్చు అక్షరాలకు దీర్ఘ చరిత్ర ఉంది. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లో వాడిన వాలు అక్షరాలకు ఆనాటి పండితుల చేతిరాతే మూలం. తెలుగులో ఇటువంటి ఖతులు కంప్యూటరు వచ్చాకనే విస్తరించాయి. అవి ఏ చేతిరాతను స్వీకరించాయి, దేనిని విడిచిపెట్టాయి అన్న విషయాన్ని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. రెండు లేఖన సంప్రదాయాలు

ఈ రెండు పట్టణాలకు దోమకొండను ఏలిన కామినేని వంశీయుల పేర్లు వచ్చాయని స్థానిక ప్రతీతి. ఆ వంశీయుడైన మల్లారెడ్డి 16వ శతాబ్దంలో ‘షట్చక్రవర్తి చరిత్ర’ రచించాడు. ఆనాటి కావ్యాలకు ఆధారం తాళపత్రం, గంటం. ఈనె వెంట గీత లాగితే ఆకు చీలుతుంది కనుక వంపు తిరిగిన విడి అక్షరం అక్కడ అనువైనది.

రెండవది లెక్కల రాత. కలం ఎత్తకుండా రాసే గొలుసుకట్టులో ఒక అక్షరం చివర మరొక అక్షరానికి మొదలవుతుంది. తలకట్టు లంకెగా మారుతుంది లేదా లోపిస్తుంది. క్రయపత్రాలు, గ్రామ లెక్కలు, షావుకారు పద్దులు ఈ రాతకు నెలవులు. హైదరాబాదు రాజ్యంలో 1884లో ఉర్దూ అధికార భాష కావడంతో నస్తాలీఖ్ రాత కూడా రెవెన్యూ దస్తావేజులలో చేరింది.

2. ఖతి స్వభావం, వినియోగం

బాపు చేతిరాత ఆధారంగా వెలసిన ఖతి, సిలికానాంధ్ర ద్వారా అందరికీ ఉచితంగా లభించిన ‘లక్కిరెడ్డి’ ఖతి ఈ కోవలో ప్రసిద్ధమైనవి. శీర్షికలు, పెండ్లి పత్రికలు, పుస్తకాల అట్టలు వీటి ప్రధాన క్షేత్రాలు. చిన్న పరిమాణంలో సుదీర్ఘ పాఠానికి ఇవి అనుకూలించవు. అందుకే పెండ్లి పత్రికలో వధూవరుల పేర్లకు చేతిరాత ఖతిని, ముహూర్త వివరాలకు సాదా ఖతిని వాడడం పరిపాటి. అయితే వీటిలోనూ అక్షరాలు విడివిడిగానే నిలుస్తాయి. ఇవి అలంకార లేఖనాన్ని స్వీకరించి, వ్యవహార లేఖనాన్ని విడిచిపెట్టాయి.

3. నస్తాలీఖ్‌తో పోలిక

సీసపు అచ్చుకు లొంగని నస్తాలీఖ్ చాలాకాలం ఖుష్‌నవీసుల చేతిరాతతో, రాతి అచ్చుతో సాగింది. మీర్జా అహ్మద్ జమీల్ చేత్తో రాసిన వేలాది అక్షర సంపుటుల ఆధారంగా 1981లో ‘నూరీ నస్తాలీఖ్’ రూపొందింది. గ్రామ దస్తావేజులలో దానితోపాటు మనిన గొలుసుకట్టుకు అటువంటి ఖతి వాడుకలోకి రాలేదు. యూనికోడ్‌లో సంకేతం అక్షరానిది, ఆకృతి ఖతిది. పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చే ఏర్పాటు నేటి ఖతులలో సాధ్యమే. కనుక కొత్త సంకేతాలు లేకుండానే గొలుసుకట్టు ఖతిని నిర్మించవచ్చు.

ముగింపు

గొలుసుకట్టు చదవగలవారు తగ్గేకొద్దీ భూమి హక్కు పత్రాలు వారసులకే అందని రాతలవుతాయి; స్థానిక చరిత్రకు ఆధారాలూ మూగబోతాయి. మూల పత్రం పక్కన అదే పాఠాన్ని గొలుసుకట్టు ఖతిలోనూ, సాదా ఖతిలోనూ చూపగలిగితే అది పరిశోధక విద్యార్థికి పఠన పాఠమవుతుంది. అప్పుడు చేతిరాత ఖతి పెండ్లి పత్రిక సొగసుకే పరిమితం కాక చరిత్ర పరిశోధనకు సాధనం కాగలదు.