అది, అతను

తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టగానే కాసేపు ఏమీ కనిపించదు. టైమ్స్ స్క్వేర్ దీపాల వెలుగు ఇంకా కళ్ళలోనే ఉంది. టార్చిలైటు పట్టుకున్న కుర్రాడొకడు మెట్ల మీద గుండ్రటి వెలుగు పరుస్తూ ముందు నడుస్తాడు. మీరు తడుముకుంటూ వెనకే వెళ్ళి, ఎవరివో మోకాళ్ళు దాటుకుని, దొరికిన సీట్లో కూలబడతారు. కోటు విప్పాలంటే బద్ధకం. చలి ఇంకా ఒంట్లోంచి దిగలేదు.

ఇది 1934 ఫిబ్రవరి చివరి వారం, న్యూయార్క్. ఈ నెల తొమ్మిదిన ఇక్కడి చలి సున్నాకి 26 డిగ్రీల కిందికి దిగింది. ఈ నగరం రికార్డుల్లో అంతకు మించిన చలి లేదు. హాలు పారమౌంట్ వాళ్ళది, దాదాపు 3,600 సీట్లు. ఆడుతున్న బొమ్మా వాళ్ళదే. ఆ కంపెనీ దివాలా తీసి ఏడాది కావస్తోంది. కిందటేడాది దేశంలో పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. వెచ్చగా కూర్చోడానికి కాసిని సెంట్లకు దొరికే చోటు సినిమా హాలే.

కథ సగంలో ఉంది. దానికి ఎవరూ బాధపడరు. ఈ రోజుల్లో ఆట వేళలు చూసుకుని వచ్చేవాళ్ళు తక్కువ. ఒక ఆట అయిపోగానే ఇంకోటి మొదలవుతూనే ఉంటుంది. ఎప్పుడు వస్తే అప్పుడు కథ అందుకుని చివరిదాకా చూడ్డం, మళ్ళీ మొదలయ్యాక తాము వచ్చిన ఘట్టం దాకా చూసి లేచి వెళ్ళిపోవడం అలవాటు.

తెర మీద ఇటలీలో ఒక జమీందారీ భవనం. మేలిమి దుస్తుల్లో అతిథులు. వాళ్ళ మధ్య పొడుగాటి మనిషి, ఒంటి కంటద్దం, రాచ మర్యాద. కానీ ఏదో తేడాగా ఉన్నాడు. మాటలు మరీ పద్ధతిగా ఉన్నాయి, పరభాష నేర్చుకుంటున్నవాడిలా. చిన్న చిన్న వాటికి ఆశ్చర్యపోతున్నాడు. ఒకావిడ అతనికి దగ్గరగా వచ్చింది. ప్రేమిస్తున్నానంటోంది. అయితే నా కళ్ళలోకి చూడమన్నాడతను. ఆవిడ చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ ముఖంలో నవ్వు గడ్డకట్టింది. వెనక్కి వెనక్కి నడిచి, ఇక అక్కడ నిలవలేక వెళ్ళిపోయింది.

"ఏం చూసిందావిడ?" పక్కనున్న ముసలమ్మని గుసగుసగా అడుగుతారు మీరు.

ఆవిడ తెర మీంచి కళ్ళు తిప్పదు. "ప్రిన్స్ సిర్కీ అని చెప్పుకుంటున్నాడు గానీ, ఆయన మృత్యువండీ. సెలవు పెట్టి వచ్చాడు. మూడు రోజులు. మనుషులు తనని చూసి ఎందుకంత భయపడతారో తెలుసుకోవాలట."

ఇక్కడ మనకి తెలుగులో ఒక చిక్కుంది. మన మాటలో మృత్యువు 'వచ్చింది' అంటాం. యముడైతే 'వచ్చాడు'. ఒకటి అది, ఇంకొకరు అతను. ఈ కథకి మూలమైన ఇటాలియన్ నాటకం పేరు 'లా మోర్తే ఇన్ వకాంజా', అంటే 'సెలవులో మృత్యువు'. ఆల్బెర్టో కసెల్లా రాసిన నాటకం, 1924 నాటిది. ఆ భాషలో మృత్యువు స్త్రీలింగం. దాన్ని మగ రాకుమారుడి వేషంలో రంగం మీదికి తెచ్చాడాయన. పేరులో ఆమె, పాత్రలో అతను. కథంతా ఆ సర్వనామం చుట్టూనే తిరుగుతుంది.

ఆ నాటకం పుట్టిన కాలం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఆరేళ్ళు. దాని వెనకే వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా జబ్బు యుద్ధం వదిలేసిన ఇళ్ళల్లోకి కూడా జొరబడింది. ఐరోపాలో మృత్యువు గడప తొక్కని ఇల్లు వెతకాల్సిందే. వాల్టర్ ఫెర్రిస్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక, 1929 డిసెంబర్ చివర్లో బ్రాడ్‌వే మీద ఆడింది. వాల్ స్ట్రీట్ కుప్పకూలి అప్పటికి రెండు నెలలు. అంటే ప్రతిసారీ జనం దెబ్బ తిని ఉన్నప్పుడే ఈ అతిథి తలుపు తట్టాడు. ఇప్పుడు ఈ చలిలో మూడోసారి.

తెర మీదికి ఇంకో అమ్మాయి వచ్చింది. పేరు గ్రాట్సియా. వేషం వేసిన ఎవెలిన్ వెనబుల్‌కి నిండా ఇరవై ఏళ్ళు. ఇంకో ఆరేళ్ళకి పినోకియో బొమ్మల చిత్రంలో కొయ్యబొమ్మకి ప్రాణం పోసే నీలి దేవకన్యకి గొంతు ఇవ్వబోయేది ఈ పిల్లే. ఇక్కడ మాత్రం ప్రాణం తీసేవాడి ఎదురుగా నిలబడింది. అతని వేషంలో ఉన్నది ఫ్రెడ్రిక్ మార్చ్. డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్‌గా ఒకే ఒంట్లో ఇద్దరు మనుషుల్ని చూపించి ఆస్కార్ తీసుకున్నవాడు. రెండు ముఖాల పని ఆయనకి కొత్త కాదు.

ఈ మూడు రోజులూ బయటి ప్రపంచంలో చావు లేదు. ఎంత పెద్ద ప్రమాదం జరిగినా అందరూ దులుపుకుని లేస్తున్నారు. పూలు వాడిపోవడం లేదు. అతనికీ మొదట్లో ఇదంతా తమాషాగానే ఉంది. జూదం ఆడాడు, తాగాడు, ఆడవాళ్ళ పొగడ్తలు విన్నాడు. తన గురించే తాను రెండర్థాల మాటలు మాట్లాడితే పక్కవాళ్ళకి అర్థం కాదు, హాలుకి అర్థమవుతుంది. వెనక వరసల్లోంచి నవ్వులు వస్తాయి. మీరూ నవ్వుతారు. నవ్వాక చలి కొంచెం తగ్గినట్టనిపిస్తుంది.

మూడో రాత్రి. పన్నెండు కొట్టే వేళ దగ్గరపడింది. అతనెవరో ఇంటి పెద్ద డ్యూక్ లాంబర్ట్‌కి మొదటినుంచీ తెలుసు. ఇప్పుడు మిగతావాళ్ళకీ తెలిసిపోయింది. నిన్నటిదాకా అతని చుట్టూ మూగినవాళ్ళు ఇవాళ గోడలకి అతుక్కుపోయారు. అందరిదీ ఒకటే వేడుకోలు, ఆ పిల్లని తీసుకెళ్ళొద్దని. అతనికీ తీసుకెళ్ళాలని లేదు. ప్రేమంటే ఏమిటో తెలిసినందుకే వదిలిపెట్టి పోదామనుకున్నాడు. వేషం తీసేస్తే ఆమే భయపడి వెనక్కి తగ్గుతుందని, తన అసలు రూపంతో ఎదట నిలబడ్డాడు. నల్లటి ముసుగు, దాని వెనక ఉన్నట్టూ లేనట్టూ ఉన్న ఒక నీడ.

హాలంతా ఊపిరి బిగబట్టింది. ముసలమ్మ చేతిలోని రుమాలు కూడా కదలడం లేదు.

గ్రాట్సియా చూసింది. వెనక్కి జరగలేదు. తనకి మొదటినుంచీ అతను ఇలాగే కనిపిస్తున్నాడన్నట్టు మాట్లాడింది. రాకుమారుణ్ణి ఆమె ఏనాడూ చూడనే లేదు. అందరూ కంటద్దాన్నీ, పతకాల్నీ, పలుకుబడినీ ప్రేమించారు. అవి ఊడిపోగానే వాళ్ళకి అతను 'అది' అయిపోయాడు. ఆమెకి మాత్రం మొదటి చూపునుంచీ అతను అతనే.

ఇద్దరూ వెళ్ళిపోతారు. తెర వెలుగుతుంది, దీపాలు వస్తాయి.

రెండు ఆటల మధ్య కాస్త సందు దొరికింది. హాల్లో మనం కూర్చున్నది ఊహలో కనక, ఈ సందులో 64 ఏళ్ళు ముందుకి దూకడానికి వేరే టికెట్ అక్కర్లేదు.

1998 నవంబర్. అమెరికాలో ఇంకో హాలు. ఇదే కథకి కొత్త రూపం, 'మీట్ జో బ్లాక్'. మార్టిన్ బ్రెస్ట్ తీశాడు. పాత బొమ్మ 79 నిమిషాల్లో ముగిస్తే ఇది మూడు గంటలు పట్టింది. మీ ముందు వరసలో కుర్రాళ్ళు కొందరు బొమ్మ మొదలు కాకుండానే లేచి వెళ్ళిపోతున్నారు. ముందు వేసిన కొత్త స్టార్ వార్స్ ట్రైలర్ చూడ్డానికే వాళ్ళు పూర్తి టికెట్ కొన్నారు. మృత్యువుకి ఇంతకంటే పెద్ద అవమానం ఉండదు.

ఉన్నవాళ్ళకి మంచి ఘట్టమే దొరికింది. కాఫీ హోటల్లో కలిసిన అమ్మాయీ అబ్బాయీ విడిపోయి చెరోవైపు నడుస్తున్నారు. ఒకరు తిరిగి చూసినప్పుడు ఇంకొకరు చూడరు. అలా వంతులవారీగా వెనక్కి చూసుకుంటూ, అతను రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. రెండు కార్లు గుద్దాయి. ఆ అబ్బాయి ఒంట్లోకి మృత్యువు దూరి వచ్చాడు. బ్రాడ్ పిట్ చెంచాతో వేరుశనగ వెన్న నాకుతూ లోకం రుచి తెలుసుకుంటాడు. ఆస్పత్రిలో నొప్పితో ఉన్న ఒక జమైకా ముసలావిడ ఒక్క చూపుకే అతన్ని గుర్తుపడుతుంది. అతను ఆమె యాసలోనే బదులిస్తాడు. ఆ అమ్మాయి తండ్రి, పెద్దాయన ఆంథొనీ హాప్కిన్స్‌కి 65వ పుట్టినరోజు పండగ. బాణసంచా వెలుగులో ఇద్దరూ వంతెన దాటి వెళ్ళిపోతారు. పెద్దాయన తిరిగి రాడు. కూతురి కోసం వెనక్కి వచ్చేది మృత్యువు కాదు, ఆ కాఫీ హోటల్ అబ్బాయి. అమ్మాయి బతికే ఉంటుంది, ఆమె చేతిలో ఒక మామూలు ప్రేమ ఉంటుంది. ప్రేక్షకుడు భద్రంగా ఇంటికి వెళ్ళొచ్చు. 1934 బొమ్మ చేసిన సాహసం దీనికి చేతకాలేదు.

మన సంగతి వేరు. మన హాళ్ళలో 'యమగోల' (1977), 'యమలీల' (1994) చూసినవాళ్ళకి మృత్యువు భూమ్మీదికి దిగి రావడం కొత్తేమీ కాదు. రెండింట్లోనూ యముడు కైకాల సత్యనారాయణే. మన యముడికి వాహనముంది, కొలువుంది, పద్దు రాసే చిత్రగుప్తుడున్నాడు. ఆఫీసుంటే పొరపాట్లుంటాయి, పొరపాటుంటే హాస్యముంటుంది. 'అది'ని 'అతను'గా మార్చే పని పురాణకాలంలోనే అయిపోయింది. అందుకే సావిత్రి అతనితో వాదించగలిగింది, వెంటబడి నడిచి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. గ్రాట్సియా ఏ వరమూ అడగలేదు. ఎవర్నీ తెచ్చుకోలేదు. తనే వెళ్ళింది. సావిత్రి నడిచిన దారే అది. ఆమె మొగుడితో తిరిగొచ్చింది, ఈ పిల్ల వెనక్కి తిరగలేదు.

1934 హాల్లో దీపాలు మళ్ళీ ఆరాయి. ముసలమ్మ లేవలేదు. మీరూ లేవలేదు.

ఇప్పుడు కథ మొదటినుంచి. దర్శకుడు మిచెల్ లైసెన్ పేరు వచ్చింది. ఒకప్పుడు దర్శకుడు డిమిల్ దగ్గర దుస్తులూ, సెట్లూ చూసినవాడు, గుడ్డ మడత ఎలా పడుతుందో తెలిసినవాడు. కెమెరా చార్లెస్ లాంగ్. ఇంకో మూడు వారాల్లో ఆయన వేరే బొమ్మకి ఆస్కార్ అందుకోబోతున్నాడు. నలుపు తెలుపుల మధ్య అన్ని బూడిద రంగులున్నాయని ఆయన చూపించేదాకా తెలియదు.

పండగ, పూలు, నవ్వులు. చీకటి పడుతుండగా కొండ దారిలో కార్లు పందెం కట్టుకుని పరిగెడుతున్నాయి. ఒక కారులో గ్రాట్సియా. ఎంత వేగంగా వెళ్తే ఆమెకి అంత సంతోషం. వాళ్ళ మీదుగా ఏదో నీడ సాగిపోతుంది. అందరికీ ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. ముందు కారు ఒక బండిని గుద్దింది. చచ్చిపోవాల్సినవాళ్ళు చెక్కుచెదరకుండా లేచారు. భవనానికి చేరాక గ్రాట్సియా ఒంటరిగా తోటలోకి వెళ్ళింది. ఒక కేక. పరిగెత్తి వెళ్ళి చూస్తే స్పృహ తప్పి పడి ఉంది.

మొదటి ఆటకి మొదటినుంచీ ఉన్నవాళ్ళకి ఇదొక దయ్యం కథలా తోచి ఉంటుంది. నీడ వచ్చింది, పిల్ల జడుసుకుంది. చివర చూసి వచ్చిన మీకు ఆ కేక వేరేలా వినిపిస్తోంది. అది భయం కాదనలేం. కానీ ఎప్పట్నుంచో ఎరిగున్న మనిషి చీకట్లో హఠాత్తుగా ఎదురైతే కూడా నోట్లోంచి కేకే వస్తుంది. ఆ కొండ దారిలో ఆమె ఎందుకంత వేగం కోరుకుందో కూడా ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

అర్ధరాత్రి. డ్యూక్ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. తోట వైపునుంచి ఆ నీడ లోపలికి వచ్చింది. వెనక సీట్లో, ఇప్పుడే వచ్చిన జంటలో అమ్మాయి అబ్బాయిని గట్టిగా పట్టుకుంది. "ఏంటది?" అంది.

'అది' కాదమ్మా అని చెప్పాలనిపిస్తుంది మీకు. చెప్పరు. ఎవరికి వాళ్ళు చివరిదాకా చూసి తెలుసుకోవాల్సింది.

కొంతసేపటికి ఆ సభ, ఆ కంటద్దం, ప్రేమిస్తున్నానంటూ దగ్గరికి వచ్చిన ఆవిడ. మీరు వచ్చిన చోటు ఇదే. లేచి, కోటు బొత్తాలు పెట్టుకుని, మోకాళ్ళు దాటుకుంటూ బయటికి నడుస్తారు. తెర మీద అతను ఆవిణ్ణి తన కళ్ళలోకి చూడమంటున్నాడు. ముసలమ్మ ఇందాక కూడా చూసిన ఘట్టమే. ఆవిడ మాత్రం కదలకుండా, కొంచెం ముందుకి వంగి, అతని ముఖంలోకే చూస్తోంది.