గ్రంథాలయం ఎదుట నలుగురు కూలీలు

వస్తువు ప్రధానమా, శిల్పం ప్రధానమా అని మన విమర్శకులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఆ వాదంలో నేనూ ఒక చెయ్యి వేసినవాణ్ణే. అయితే మాటల్లో కాక కంచులో పోతపోసిన ఒక శిల్పం ముందు నిలబడినప్పుడు నా చదువులోని పెద్ద లోపం ఒకటి బయటపడింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ఎం.ఏ. చదివే రోజుల్లో మా సత్యవేడు నుంచి ఊతుకోట మీదుగా బస్సెక్కి మద్రాసు పోయేవాణ్ణి. చేపాక్కంలో, మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉండేది. 1869లో ఏర్పడిన ఈ సంస్థలో మెకంజీ, బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులున్నాయి. తాటాకు ప్రతి తెరిచి కావ్యభాగం నోట్సులోకి ఎత్తి రాసుకునేవాణ్ణి. కవి పేరు, కృతిభర్త పేరు, రాజు పేరు, గద్య - ఇవే నాకు కావలసినవి. ప్రతుల చివర లేఖకులు రాసుకునే ఒక సంస్కృత శ్లోకం తరచు ఎదురయ్యేది. నడుము, వెన్ను, మెడ విరిగేలా వంగి, చూపు నిలిపి, తల వంచి కష్టపడి రాశాను, ఈ గ్రంథాన్ని జాగ్రత్తగా కాపాడండి అని దాని భావం. అది ప్రతి లేఖకుడూ అలవాటుగా రాసేదే గదా, సాహిత్యం కాదు గదా అని వదిలేసేవాణ్ణి.

ఒక సాయంత్రం గ్రంథాలయం మూసేశాక బీచి రోడ్డు దాటాను. అక్కడ నలుగురు మనుషులు ఒక పెద్ద బండరాతిని మీటుతూ, నెడుతూ కనిపించారు. ఒంటి మీద గోచీగుడ్డలు. పిక్కల్లో, భుజాల్లో నరాలు తేలి ఉన్నాయి. ముఖాలకంటె ముందు వంగిన వెన్నులు కంటబడ్డాయి. శ్లోకంలోని వెన్ను అప్పుడు గుర్తుకొచ్చింది.

ఆ శిల్పం పేరు ‘ట్రయంఫ్ ఆఫ్ లేబర్’, అంటే శ్రమ విజయం. అక్కడి జనానికి అది ఉళైప్పాళర్ సిలై. చెక్కినవాడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి (1899-1975). అవనీంద్రనాథ ఠాగూరు వద్ద చిత్రలేఖనం నేర్చిన బెంగాలీ. 1929లో మద్రాసు కళాపాఠశాలకు అధిపతిగా వచ్చి 1957 దాకా పనిచేశాడు. మా పక్క నాగలాపురంలో బాల్యం గడిపిన చిత్రకారుడు కె. శ్రీనివాసులు ఆయన శిష్యుడే. ఫ్రెంచి శిల్పి రోడా ప్రభావం ఆ కండరాల్లో స్పష్టంగా ఉన్నది. ఐతే వస్తువు ఈ నేలది. 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. 1923 మే 1న సింగారవేలు చెట్టియార్ ఈ నగరంలోనే మేడే జరిపాడు. ఆనాటి రెండు సభల్లో ఒకటి ఈ తిరువల్లిక్కేణి సముద్రతీరాన జరిగింది. ఈ చరిత్ర లేకుండా ఆ కంచు లేదు.

విగ్రహం నెలకొల్పినది 1959లో, గణతంత్ర దినోత్సవానికి ముందురోజు. అప్పటికి మా సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉంది. పటాస్కర్ సిఫార్సుల మీద చేసిన సరిహద్దుల చట్టం 1960 ఏప్రిల్ 1న అమలుకు వచ్చాక తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. మా తాతల కాలపు కూలీలు ఏ రాష్ట్రపు కూలీలు? భాష సరిహద్దు గీయగలిగింది గాని, రాయి మోసే భుజానికి సరిహద్దు గీయలేకపోయింది.

తరవాత ఏం జరిగింది? 1968లో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా అదే తీరాన పది విగ్రహాలు లేచాయి. 1986లో హైదరాబాదు టాంక్‌బండ్ మీద ముప్ఫైమూడు లేచాయి. కవులు, రాజులు, పండితులు, సంస్కర్తలు. వారిలో గౌరవించదగినవారు ఎందరో ఉన్నారు. కాని అందరికీ పేర్లున్నాయి. పేరున్నచోట తగవూ ఉంది. 2001లో కణ్ణగి విగ్రహం తీసేశారు, 2006లో తిరిగి పెట్టారు. 2011 మార్చి 10న టాంక్‌బండ్ విగ్రహాలు కొన్ని కూలిపోయాయి. పేరులేని కూలీని మాత్రం ఏ పక్షమూ తనవాడని పోట్లాడలేదు. అది గౌరవమో నిర్లక్ష్యమో మనం ఆలోచించుకోవాలి.

ఈ శిల్పాన్ని పొగిడి ఊరుకోవడం కూడా విమర్శ కాదు. ఇది కార్మిక సంఘం చందాలతో లేచినది కాదు, ప్రభుత్వం నిలబెట్టినది. పేరులో విజయం ఉన్నది, దేహాల్లో మాత్రం ప్రయాస తప్ప విజయం లేదు. రాయి ఇంకా కదలలేదు. నాకది లోపంగా తోచదు. పేరు అబద్ధమాడుతున్నా శిల్పం నిజం చెబుతున్నది. అసలు లోపం వేరే ఉంది. ఆ నలుగురిలో స్త్రీ లేదు. చెరువు మట్టి మోసిన, వరినాట్లు వేసిన మా ఊరి ఆడకూలీలు చూస్తే, మేము ఏమైనాం అని అడుగుతారు. ఆ ప్రశ్నకు కంచులో జవాబు లేదు.

ఆ మధ్య మళ్లీ పోయాను. ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇప్పుడు కోట్టూరుపురంలో, అన్నా శతజయంతి గ్రంథాలయంలో ఉంది. తాటాకులు తరలిపోయాయి, కూలీలు సముద్రం ఒడ్డునే ఉన్నారు. తిరిగొచ్చి నా పాత నోట్సు తీశాను. కవుల పేర్లున్నాయి, రాజుల పేర్లున్నాయి. లేఖకుడి పేరు ఒక్కటీ రాసుకోలేదు. కొన్ని ప్రతుల్లో ఆ పేరు, ఊరు, తిథి కూడా ఉంటాయి. తాటాకు కోసి ఎండబెట్టినవాడి పేరు ఎలాగూ ఉండదు. ఉన్న పేరునైనా నేను వదిలేశాను.

మా బడిలో పిల్లల తల్లిదండ్రులు కొందరు శ్రీసిటీ కర్మాగారాలకు పొద్దున్నే బస్సెక్కుతారు. కావ్యానికి కర్త ఎవరు అని ఆ పిల్లలను అడుగుతాను. ఇప్పుడు రెండో ప్రశ్న కూడా వేస్తున్నాను: దీన్ని రాసి మనదాకా చేర్చిందెవరు? పరీక్షలో దానికి మార్కులు లేవు. ప్రాచీన సాహిత్యం మీద పరిశోధన చేసే మిత్రులకు నా మనవి ఒకటే. ప్రతి చివరి ఆకు దాకా చదవండి. లేఖకుడి పేరు కనిపిస్తే ఎత్తి రాసుకోండి.