వలందపాలెం ఎవరిది?

మా క్లయింటుది నెదర్లాండ్స్. ఓసారి కాల్ మధ్యలో మీదే ఊరు అన్నాడు. మచిలీపట్నం అంటే తెలీదన్నాడు. "మీవాళ్ళ పేరుతో మా ఊళ్ళో ఓ పేటే ఉంది మహానుభావా!" అన్నా.

బందరోళ్ళకి వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం రోజూ వినే పేర్లే. వలందులంటే హాలెండువాళ్ళని, పరాసులంటే ఫ్రెంచివాళ్ళని ఇంజనీరింగయ్యాక గానీ నాకు తెలీలేదు (సిగ్గే అనుకోండి). డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో ఇక్కడ దుకాణం పెట్టారు. అద్దకం బట్టలు ఒక ఎర, గోల్కొండ వజ్రాలు ఇంకో ఎర.

ఇరానీ వర్తకులు వీళ్ళందరికన్నా ముందే దిగారు. అర్దిస్తాన్ నుంచి ఓ నూనె వ్యాపారి కొడుకు వజ్రాల వర్తకుడి దగ్గర గుమాస్తాగా వచ్చాడు. బందరుకి హవల్దారయ్యాడు, వజ్రాల గనులు గుత్తకి పట్టాడు, సొంత ఓడలు నడిపాడు. చరిత్రలో మీర్ జుమ్లా ఆయనే. ఆన్‌సైట్ వచ్చి కంపెనీనే ఏలినట్టన్నమాట!

మరి తవ్విందెవరు? కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేసేవారని టావెర్నియే రాశాడు. మగాళ్ళు తవ్వితే, ఆడాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారట. ఒక్కరి పేరూ రాయలేదు.

బందరు డచ్చి సమాధుల మీద పేర్లు ఇప్పటికీ చదవొచ్చు. ఫోటోలు పంపిస్తే క్లయింటు మురిసిపోయి, కొల్లూరువీ పంపమన్నాడు.

అది పులిచింతల నీళ్ళ కింద ఉందని రాశా.