తన తప్పు తనకు కనబడాలంటే: ఢిల్లీ చరిత్రలో ఆత్మపరిశీలన

గురువారం నాడు ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా శిథిలాలు జనంతో కిటకిటలాడుతుంటాయి. అక్కడ జిన్నులు ఉంటారని నమ్మకం. ఉద్యోగం రావాలనో, కోర్టు కేసు గట్టెక్కాలనో, పిల్ల పెళ్లి కుదరాలనో అర్జీ రాసి, ఫొటో అంటించి, జిరాక్సులు తీయించి మరీ గూళ్లలో పెట్టి అగరొత్తులు వెలిగిస్తారు. ఆ శిథిలాల్లోని ఒక కట్టడం పైనే దాదాపు 13 మీటర్ల అశోక స్తంభం ఉంది. దాని మీది మూడో శాసనం సారాంశం ఇది: మనిషి తాను చేసిన మంచిని చూసుకుని మురిసిపోతాడు, చెడు మాత్రం అతడి కంటికి ఆనదు. అలా చూసుకోవడం కష్టం, అయినా చూసుకోవాలి. క్రూరత్వం, కోపం, అహంకారం, అసూయ మనిషిని పాడుచేస్తాయి. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు ఒక చక్రవర్తి చెక్కించిన మాట ఇది.

ఢిల్లీ చరిత్రను యుద్ధాల వరుసగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఈ ఊరికి ఇంకో చరిత్ర ఉంది. అధికారానికి ఇంత దగ్గరగా ఉంటూ మనిషి తన లోపాన్ని తాను చూసుకోగలడా అన్న ప్రశ్న ఇక్కడ పదే పదే లేచింది. నా దృష్టిలో ఈ నగరానికి అదే అసలు చరిత్ర.

అశోకుడు ముందు తన మీదే ఆ చూపు ప్రయోగించుకున్నాడు. 1966లో దక్షిణ ఢిల్లీలోని బహాపూర్ దగ్గర ఒక బండ మీద ఆయన చిన్న శిలాశాసనం బయటపడింది. బౌద్ధ ఉపాసకుణ్ణై రెండున్నరేళ్లు దాటినా మొదట్లో గట్టిగా కృషి చేయలేదని, సంఘానికి దగ్గరైన తర్వాతే పట్టుదలగా సాధన చేశానని అందులో చెప్పుకున్నాడు. గొప్పవాళ్లకే కాదు, చిన్నవాళ్లకూ ఇది సాధ్యమేనన్నాడు. ఈ శాసనం మనకు పరాయిది కాదు. కర్నూలు సీమలో ఎర్రగుడి, రాజుల మందగిరి బండల మీద కూడా ఇదే ఉంది. ఒక రాజు తన బద్ధకాన్ని రాతి మీద ఒప్పుకుని, ఆ ఒప్పుకోలును రాజ్యమంతటా చదివించడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ ఆ స్తంభాన్ని తోప్రా నుంచి తెప్పించాడు. దూది పరుపుల మీదికి ఒరగదీసి, 42 చక్రాల బండి మీద యమున దాకా లాగించి, పడవల మీద ఢిల్లీకి చేర్పించాడు. అంత శ్రమపడి తెచ్చినా, అందులో ఏముందో అప్పటి పండితులెవరూ చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించేదాకా అది మూగ రాయిగానే ఉండిపోయింది.

అలాగని ఢిల్లీలో ఆ ప్రశ్న ఆగలేదు. ఫిరోజ్ షా కంటే ముందే, గియాస్‌పూర్‌లో సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా ఉండేవారు. ఆయన దర్బారుకు దూరంగా ఉండేవారు. నా ఇంటికి రెండు తలుపులున్నాయి, సుల్తాను ఒక తలుపులోంచి వస్తే నేను రెండో తలుపులోంచి వెళ్లిపోతానని అన్నారని చెప్పుకుంటారు. ఆయన మాటలను శిష్యుడు, కవి అమీర్ హసన్ సిజ్జీ 1308 నుంచి 1322 దాకా రాసుకుంటూ పోయి ‘ఫవాయిదుల్ ఫువాద్’ అనే గ్రంథంగా కూర్చాడు. వచ్చినవాడికి ముందు అన్నం పెట్టడం, తర్వాత వాడి కోపం గురించీ, ఓర్పు గురించీ, మనసులోని గర్వం గురించీ మాట్లాడటం: అక్కడ బోధన సాగిన తీరు ఇదే.

దారా షికో కథ వేరు. ఆయన మొఘల్ సింహాసనానికి వారసుడు. 1657లో కాశీ పండితుల సాయంతో ఢిల్లీలో యాభై ఉపనిషత్తులను ‘సిర్రె అక్బర్’ పేరుతో పారశీకంలోకి తెచ్చాడు. రెండేళ్లకే తమ్ముడు ఔరంగజేబు చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. హుమాయూన్ సమాధి ఆవరణలో ఆయన్ని ఖననం చేశారు. పుస్తకం మాత్రం బతికింది. 1801-02లో ఆంక్వెతీల్ దుపెరాన్ లాటిన్ అనువాదంగా యూరప్ చేరి తత్త్వవేత్త షోపెన్‌హావర్‌ను ఆకట్టుకుంది. ఆత్మవిచారం దారాను రాజుగా నిలబెట్టలేదు. రాజులు నిలబెట్టలేనిదాన్ని మాత్రం ఆయన నిలబెట్టాడు.

మూడు శతాబ్దాల తర్వాత అవే ఉపనిషత్తులు ఒక తెలుగువారి చేతిలో ఢిల్లీలో మళ్లీ తెరుచుకున్నాయి. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1952లో ఉపరాష్ట్రపతి అయ్యారు. మరుసటి ఏడాదే 18 ఉపనిషత్తులకు ఆయన ఇంగ్లిష్ అనువాదం, వ్యాఖ్య వెలువడ్డాయి. పదవిలో ఉంటూ ఆ పని లోకం ముందు పెట్టడం దారాకు దక్కని అదృష్టం.

అంతకు కొద్దికాలం ముందు ఇదే నగరంలో గాంధీజీ బిర్లా హౌస్ సాయంకాల ప్రార్థనల్లో తన వైఫల్యాల గురించి జనం ముందే మాట్లాడేవారు. 1948 జనవరి 13న మొదలుపెట్టిన నిరాహార దీక్షను ఆత్మశుద్ధిగానే చెప్పారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లో ఢిల్లీకి వచ్చి మాట్లాడుతుండేవారు. గురువును, సంస్థను, సాధన పద్ధతిని కూడా పక్కన పెట్టమన్నారాయన. సంబంధాల్లో, రోజువారీ అసూయలో, భయంలో తనను తాను గమనించుకోవడమే చాలన్నారు. అశోకుడు కష్టమన్న చూపుకు ఇంత దగ్గరగా వచ్చిన ఆధునికుడు నాకు మరొకరు కనబడరు.

ఇప్పుడు ఓల్డ్ రాజేందర్ నగర్ సందుల్లో, కోచింగ్ సెంటర్ల చుట్టూ, మన తెలుగు పిల్లలు ఎందరో అద్దె గదుల్లో ఉండి సివిల్స్‌కు చదువుతున్నారు. 2013 నుంచి మెయిన్స్‌లో నైతికత మీద ప్రత్యేకంగా 250 మార్కుల పేపరు ఉంది. తాత్వికుల ఆలోచనలు, భావోద్వేగాలపై పట్టు సిలబస్‌లోనే ఉన్నాయి. ఇది మంచి మార్పే. పాలించబోయేవాళ్లను మనస్సాక్షి గురించి రాయమనడం చిన్న విషయం కాదు. కాకపోతే ఆ పేపరులో అభ్యర్థి తరచూ ఒక ఊహాజనిత అధికారి స్థానంలో నిలబడి, ఎదుటివాళ్ల ఒత్తిళ్ల మధ్య ఏం చేయాలో చెబుతాడు. నిన్న తాను ఎవరిమీద కోపగించుకున్నాడో, ఎవరిని చూసి అసూయపడ్డాడో అక్కడ రాయనక్కర్లేదు. తన గురించిన ఆ జవాబు దిద్దడానికి తాను తప్ప ఇంకెవరూ ఉండరు. పోస్టింగ్ వచ్చాక, సంతకానికి బలం వచ్చాక, ఎదురుచెప్పే మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోయాక, అశోకుడి మూడో శాసనం ఆ యువకుడికి నిజంగా అవసరపడుతుంది.