మలీదముద్దకూ చెలకకూ ఉన్న చుట్టరికం



చీనా దేశంలో వారి పంచాంగం ప్రకారం ఎనిమిదవ నెల పున్నమినాడు కోతకాలపు పండుగ చేస్తారు. మన లెక్కకు అది కొన్ని ఏండ్లు భాద్రపద పున్నమికి, కొన్ని ఏండ్లు ఆశ్వయుజ పున్నమికి వస్తుంది. ఆ రాత్రి చంద్రునివలె గుండ్రని తీపి రొట్టెలు చేసి, లోపల తామరగింజల ముద్దో, అలసందలవంటి ఎర్రగింజల ముద్దో పెట్టి, ముక్కలు కోసి ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. 14వ శతాబ్దంలో మంగోలు పాలకులమీద తిరుగుబాటు కబురును ఈ రొట్టెలలోనే దాచి పంపారని ఒక కథ. అది కథే గాని చరిత్ర కాదు.

మరి మన రామగిరి ఖిల్లా చుట్టుపట్ల పల్లెలలో కోతకాలపు తీపి ఏది? మలీద. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలైన బతుకమ్మ, చంద్రుడు సగం పెరిగేసరికి, దుర్గాష్టమినాడు, సద్దులతో ముగుస్తుంది. ఆనాడు పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు పులిహోరతోబాటు మలీదముద్దలూ చేస్తారు. వేడి రొట్టెను చేతితో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్ద కట్టడమే దీని పద్ధతి. బతుకమ్మను నీటిలో సాగనంపి, చెరువుగట్టునే ఒకరికొకరు పంచుకుంటారు.

ఈ ముద్ద పేరులోనే చరిత్ర వున్నది. పారసీలో 'మలీద' అంటే నలిపినది అని అర్థం. పీర్ల పండుగనాడు మన పల్లెలలో పీర్లకు పెట్టేదీ ఈ మలీదే. ఆ భాషా ఈ రొట్టే దక్కనులో ఎంతగా కలిసిపోయాయో చూడండి!

రొట్టె మాత్రం చెలకది. వానమీద పండే జొన్న, సజ్జలే ఒకప్పుడు మన రొట్టెకు ఆధారం. 1963లో పోచంపాడుకు శంకుస్థాపన జరిగింది. తరువాత కాలువ నీరు పారిన చోట వరి పెరిగింది. 1960 దశకంలో రామగుండం ప్రాంతాన బొగ్గు గనులు తెరిచారు. పల్లెజనం కాలనీలకు చేరారు. బతుకమ్మ వారితోపాటు కాలనీ మైదానానికీ వచ్చింది. జొన్న మాత్రం వెనుకబడింది. ఇప్పుడు చాలా ఇండ్లలో మలీదకు గోధుమపిండి దుకాణంనుంచి రావలసిందే. పండుగ నిలిచింది గాని, పండుగకూ పొలానికీ నడుమ ముడి సడలింది.

ఆ ముడి తిరిగి వేయడం కష్టమేమీ కాదు. నీరెక్కని చెలకలో కొద్దిపాటి చోటున జొన్న చల్లి, నడుమ నడుమ కంది సాలు వేయండి. జొన్న ముందు కోతకు వస్తుంది, కంది తరువాత నిలుస్తుంది. చొప్ప పశువులకు మేత. నాటురకమైతే మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, విత్తనం దాచుకోవచ్చును. సంకరరకం గింజలు మాత్రం మరుసటేటికి పనికిరావు.

విస్తరణ కార్యకర్తలారా, మీరు ఊరికి పోయినప్పుడు పెద్ద ముత్తవ్వల నడగండి: ఏ జొన్న రొట్టె మెత్తన, ఏ చెలకలో పండేది? వారు చెప్పింది రాసిపెట్టండి. ఆ విత్తు ఇంకా ఏ ఇంట్లోనైనా వుంటే, వచ్చే వానకాలానికి దాన్ని నేలలో వేయించండి.