తడ దగ్గర ఖాళీ రోడ్లు

చెన్నైలో ఉండే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు కొందరు కారుకి సైకిల్ తగిలించుకుని తడ దాకా వస్తారు. అక్కణ్ణించి వరదయ్యపాళెం, సత్యవేడు, నాగలాపురం వైపు కొండల పక్కగా తొక్కుతారు. "ఒక్క లారీ లేదు, ఎంత ప్రశాంతమో!" అంటారు. నిజమే. కానీ ఆ ప్రశాంతత కొండలిచ్చింది కాదండీ, సర్కారువారి రోడ్లు ఇచ్చింది.

స్వర్ణ చతుర్భుజి పుణ్యమా అని నాలుగు వరసలైన పాత ఐదో నంబరు హైవే (2010 నుంచి 16) దూరాభారం లారీలని తనవైపు లాక్కుంది. 2000 డిసెంబరులో మొదలైన గ్రామ సడక్ యోజన పల్లెబాటలకి తారు పోసింది. తారు ఉండి లారీ లేని రోడ్డు అలా దొరికింది.

అంతకుముందు సైకిల్ లేదా అంటే, ఉంది. 1951 నుంచే పక్కనున్న అంబత్తూరులో హెర్క్యులిస్ సైకిళ్ళు తయారయ్యాయి. కాకపోతే వాటి మీద ఊరేగింది పాలక్యాన్లు, గడ్డిమోపులు! సరదాకి కొండెక్కే తీరిక ఎవరికుంది లెండి.

2008లో తడ, వరదయ్యపాళెం, సత్యవేడు మండలాల్లో శ్రీసిటీ వచ్చింది. కంటైనర్లూ, షిఫ్టు బస్సులూ వెంటే వచ్చాయి. ఆ బస్సుల్లో కూర్చునేవాళ్ళలో ఈ పల్లెల పిల్లలూ ఉన్నారు, ఆ ఉద్యోగాలు వద్దనడానికి మనమెవరం? మనకైతే ఆదివారం ఇంకో దారి దొరుకుతుంది. బడికి సైకిల్ మీద వెళ్ళే పిల్లకి ఉన్నది ఆ ఒక్క దారే. కంటైనర్ల కోసం రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ పిల్ల కోసం పక్కన రెండు గజాల బాట వదలొచ్చు కదా?